బాక్సు ఎక్కిందా?

సినిమా విడుదల ఉన్న వారంలో మా అమ్మ రాత్రి పూట త్వరగా తినేది కాదు. పిల్లలకి పెట్టేసి, గిన్నెల మీద మూతలు వేసి, వీధి గుమ్మంలో కూర్చునేది. ఆ రోజుల్లో వడపళనిలో మా సందు పదింటికల్లా సద్దుమణిగేది. పదకొండున్నరకో పన్నెండుకో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినబడేది. నాన్న గడపలో కాలు పెట్టకముందే అమ్మ అడిగే మాట ఒక్కటే.

"బాక్సు ఎక్కిందాండీ?"

"ఎక్కింది" అంటే వడ్డించేది. ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడంటే ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

మా నాన్న పేరు ఏ తెర మీదా పడలేదు. 1954లో పశ్చిమ గోదావరి నుంచి మద్రాసు వచ్చాడు. పానగల్ పార్కులో కూర్చుని వేషాల కోసం ఎదురుచూసే కుర్రాళ్ళలో ఒకడు కాదు. వాళ్ళ మేనమామ ప్రెస్సులో పని ఇప్పిస్తానంటే వచ్చాడు. అక్కడి నుంచి పాండీ బజారు వెనక మేడ మీద ఉన్న ఒక పబ్లిసిటీ ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తాగా చేరి, ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నాడు. స్టూడియోలో తయారైన సినిమా ఊళ్ళో జనం దాకా వెళ్ళే దారి మొత్తం ఆ మేడ మీంచే పోయేది. నేను పుట్టింది 1962లో. బడి లేని రోజుల్లో నా అడ్డా ఆ ఆఫీసే. సినిమా అంటే నాకు హీరో కంటే ముందు గుర్తొచ్చేది గోనెపట్టా వాసన, లక్క వాసన, కొత్త ఇంకు వాసన.

ఒక్కో సినిమాకి ఒక్కో ఊరికి వెళ్ళే సరంజామా ఎంతో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. పోస్టర్ల కట్టలు. థియేటర్ వరండాలో అద్దాల పెట్టెలో గుండుసూదులతో గుచ్చే స్టిల్స్ సెట్లు. ఇంటర్వెల్లో వేసే గాజు స్లైడ్లు, పగలకుండా ఊక పోసిన డబ్బాల్లో. పేపర్లో ప్రకటన అచ్చు కావాలంటే చెక్క దిమ్మకి కొట్టిన జింక్ బ్లాకులు. పాటల పుస్తకాలు. ఆ పుస్తకంలో కథ సగం దాకా చెప్పి "తరువాయి వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. చిన్నప్పుడు ఆ వాక్యం చదివితే నాకు ఒళ్ళు మండేది. మా అక్క అయితే మిగతా కథ తనే అల్లి మాకు చెప్పేది. చాలాసార్లు సినిమా కంటే అదే బాగుండేది.

పోస్టరు 30 అంగుళాలకు 40 అంగుళాలు. పెద్ద గోడలకి ఆరు షీట్లు కలిపి అతికించేవి వేరు. ఆ ఆరూ వరస ప్రకారం మడతపెట్టి పంపాలి. మడత విప్పిన క్రమంలో అతికిస్తే బొమ్మ కలవాలి. వరస తప్పిందో, హీరో మెడ ఒక చోట, తల ఒక చోట. వెనక వైపు పెన్సిల్‌తో అంకెలు వేసే పని నాకిచ్చేవాడు నాన్న. నా మొదటి జీతం అదే, వంద సెట్లకి ఒక మసాలా దోశ.

అచ్చు చాలావరకు శివకాశిలో జరిగేది. బొమ్మ మాత్రం మద్రాసులో పుట్టేది. ఈశ్వర్ గారు, గంగాధర్ గారు, కేతా గారు లాంటి పెద్ద డిజైనర్ల పేర్లు పోస్టరు మూలన చిన్న అక్షరాల్లో ఉండేవి. మా ఆఫీసులో ఉన్నది అంత పేరున్న మనిషి కాదు. మేమందరం ఆయన్ని ఆర్టిస్టు బాబాయి అనేవాళ్ళం. నలుపు తెలుపు స్టిల్స్‌లోంచి మొహాలు బ్లేడుతో కత్తిరించి, రబ్బర్ సొల్యూషన్‌తో అట్ట మీద అతికించి, వాటి మీదే రంగులు వేసేవాడు. ఎర్రటి చెంపలు, నీలం జుట్టు అన్నీ ఆయన కుంచెలోంచి వచ్చినవే.

నాకు ఇష్టమైంది ఆయన సినిమా పేరు రాసే రోజు. ఆ పేరు రాయడాన్ని లెటరింగ్ అనేవారు. అది వేరే విద్య. బాబాయి ఎప్పుడూ అనేవాడు, తమిళానికి గీతలున్నాయి, ఇంగ్లీషుకి నిలువులున్నాయి, మన అక్షరానికి గుండ్రమే ఉంది అని. గుండ్రటి అక్షరాన్ని ఫైటింగ్ సినిమాకి కోపంగా కనబడేలా రాయాలి. అదే అక్షరాన్ని కుటుంబ కథకి మెత్తగా రాయాలి. ఆయన మొదట తలకట్లు అన్నీ గీసేసేవాడు, ఖాళీగా, కింద అక్షరాలు లేకుండా. తెల్ల అట్ట మీద వరసగా టిక్కులు మాత్రం ఉండేవి, ఆకాశంలో కొంగల్లా. తరవాత ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం కిందికి దించేవాడు. ఒత్తు దగ్గర ఆగేవాడు. కింద ఒత్తు వేలాడితే కింది వరసలో హీరో జుట్టుకి తగులుతుంది. పైకి లాగితే అక్షరం నలిగిపోతుంది. ఒక పేరులో రెండు ఒత్తులు పక్కపక్కన పడితే ఆ రోజు బాబాయికి మూడు టీలు ఎక్కువ. బాపు గారి లెటరింగ్ ఉన్న పోస్టరు ఒకటి బల్ల ముందు గోడకి అంటించి ఉండేది. పని మొదలెట్టే ముందు దాన్ని ఒకసారి చూసి, అగరుబత్తి వెలిగించినంత భక్తిగా కుంచె ముంచేవాడు.

ఎవరు డబ్బు పెడతారు, ఎవరు కొంటారు అన్నది నాకు నాన్న వల్లే తెలిసింది. నిర్మాత అంటే ఊళ్ళో చేనో మిల్లో ఉన్నవాడు కొంత డబ్బుతో మద్రాసు దిగేవాడు. మిగతాది పంపిణీదారుల నుంచి రావాలి. హీరో ఎవరు, డైరెక్టర్ ఎవరు, పాటలు ఎలా ఉన్నాయి అని చూసి వాళ్ళు అడ్వాన్సు ఇచ్చేవారు. అది కూడా ఒక్కసారిగా కాదు, షెడ్యూల్ షెడ్యూల్‌కీ కొంత. అందుకే ముహూర్తం రోజు నుంచే పబ్లిసిటీ మొదలు. పేపర్లో ముహూర్తం ప్రకటన చూసేది జనమే అయినా, నిజానికి దాన్ని ఇచ్చేది విజయవాడ గాంధీనగర్‌లో కూర్చున్న పంపిణీదారుల కోసం.

సినిమాని ఏరియాల వారీగా అమ్మేవారు. ఇప్పటికీ అవే పేర్లు. నైజాం అంటే తెలంగాణ. సీడెడ్ అంటే రాయలసీమ. 1800లో నిజాం ఆ జిల్లాల్ని ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళకి వదిలేస్తే, ఇంగ్లీషులో సీడ్ చేస్తే, వచ్చిన పేరది. రాజ్యాలు పోయినా ఆ పేరు సినిమా వాళ్ళ నోట్లో మిగిలింది. ఇక ఆంధ్రలో వైజాగ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, దేనికది. నాకు పాఠశాల అట్లాసు కంటే ముందు ఈ పటం వచ్చింది. నాన్న బల్ల మీద ఏరియాకో రంగు ట్యాగు ఉండేది. నెల్లూరుది ఆకుపచ్చ. సీడెడ్‌ది ఎరుపు. వెస్ట్ ట్యాగు నాన్న ఎప్పుడూ తనే కట్టేవాడు, అది మా జిల్లా.

ఒక సంగతి మాత్రం ఈ రోజుకీ నాకు గొప్పగా అనిపిస్తుంది. అన్ని ఊళ్ళకీ ఒకే పోస్టరు వెళ్ళేది కాదు. ఒక సినిమాకి నాలుగైదు డిజైన్లు వేసేవారు. ఒకదాంట్లో కత్తి పట్టుకున్న హీరో. ఒకదాంట్లో తల్లీ కొడుకూ కన్నీళ్ళతో. ఒకదాంట్లో హాస్యనటుడు పెద్దగా. ఏ ఊరికి ఏది ఎన్ని పంపాలో నాన్నకి తెలుసు. ఎలా తెలుసంటే ఉత్తరాల వల్ల. పంపిణీదారుల గుమాస్తాలు కార్డు ముక్క మీద రాసేవారు. "ఏడుపు పోస్టరుకి ఆడవాళ్ళు మ్యాటినీలకి బాగా వస్తున్నారు, ఇంకో రెండు వందలు పంపగలరు." "ఇక్కడ ఫైటింగు బొమ్మ చాలు, మిగిలినవి అలాగే ఉన్నవి." ఇలాంటి కార్డుల్ని నాన్న ఇనుప ఊచకి గుచ్చి దాచేవాడు. సినిమాతో పాటు ఊళ్ళు తిరిగే రిప్రజెంటేటివ్‌లు రోజూ టిక్కెట్లు లెక్కపెట్టి డీసీఆర్‌లు పంపేవారు, డైలీ కలెక్షన్ రిపోర్టులు. వాటితో వసూలు తెలిసేది. మనుషులు తెలిసేది మాత్రం ఆ కార్డుల వల్లే. తణుకులో ఆడవాళ్ళు ఎందుకు వస్తున్నారో, ఆదోనిలో రెండో ఆట ఎందుకు నిండుతోందో, మద్రాసు మేడ మీద కూర్చున్న ఒక గుమాస్తాకి తెలుసు.

లేని ఫైటు పోస్టరు మీద వేయమన్న నిర్మాతలు లేకపోలేదు. అలాంటప్పుడు ఆర్టిస్టు బాబాయి గొణిగేవాడు, కానీ వేసేవాడు. నాన్న ఆ డిజైన్ కట్టల్ని వీలైనంత తక్కువ ఊళ్ళకి సర్దేవాడు. అది ఆయనకి అప్పగించిన పని కాదు. అయినా చేసేవాడు. సినిమా చూసి బయటికొచ్చినవాడు మళ్ళీ వారం మన మాట నమ్మాలి కదరా అనేవాడు.

వేసవి సెలవులకి అమ్మమ్మ గారి ఊరు వెళ్తే నేను నంబర్లు వేసిన ఆరు షీట్ల పోస్టరు అక్కడ ధాన్యం గోడౌన్ గోడ మీద కనబడింది ఒకసారి. తెల్లవారుజామున పోస్టర్లు అంటించే మనిషి వెంట తిరిగాను. మైదా పిండిని పెద్ద డేగిసాలో ఉడికించి, అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. లేకపోతే పశువులు కాగితాన్ని పిండితో సహా నాకేస్తాయట. చీపురు లాంటి బ్రష్షుతో గోడకి ఒక దెబ్బ, కాగితం, పైన మళ్ళీ దెబ్బ. "త్వరలో" అని ఉన్న చోట, విడుదల రోజు "నేడే చూడండి" అన్న సన్నటి స్లిప్పు అంటించేవాడు. ఆ స్లిప్పుల కట్ట కూడా మా నాన్న కట్టిందే. ఆ ముడి నేను గుర్తుపట్టాను. ఆ సంగతి చెప్తే పోస్టర్ల మనిషి నవ్వి, చివరి షీటు నా చేత అంటింపజేశాడు. సరిగ్గా కలిసింది.

ఇక ఫిల్మ్ బాక్సుల సంగతి, అంటే రీళ్ళ డబ్బాలు సర్ది థియేటర్లకి పంపే పెట్టెలు. కొంతమంది నిర్మాతలకి మద్రాసులో సరైన మనుషులు ఉండేవారు కాదు. వాళ్ళ ప్రింట్లని, అంటే సినిమా కాపీల్ని, అవి తీసే ల్యాబు నుంచి తీసుకుని రైలెక్కించే పని కూడా మా ఆఫీసుదే. ల్యాబులోనే సినిమా తలరాత తేలేది. నెగెటివ్ ల్యాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది. బాకీలు తీరితే తప్ప ప్రింట్లు బయటికి రావు. ఆఖరి వాయిదా పంపిణీదారులు కట్టాలి, అది ఫైనాన్షియర్‌కి చేరాలి, ఆయన సరేనని ల్యాబుకి చెప్పాలి. అంతవరకు నాన్న బయట బెంచీ మీద కూర్చునేవాడు. గోడ గడియారం ఎనిమిది, తొమ్మిది. హౌరా మెయిల్‌కి అందితే విజయవాడ, రాజమండ్రి, విశాఖ దాకా అన్నీ సర్దుకుంటాయి. సీడెడ్ బాక్సులు బొంబాయి మెయిల్‌లో కడప, గుంతకల్లు వైపు. రైలు తప్పితే పేపర్లో ప్రకటన వచ్చేసి, జనం క్యూలో నిలబడి, తెర ఖాళీగా ఉంటుంది. ఆ టెన్షన్ ఆయన పొట్టలో పుండై చాలా ఏళ్ళు బాధపెట్టింది.

తెర మీద ఒక నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్ పోతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. 16 రీళ్ళంటే మూడు గంటలకి కాస్త తక్కువ. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ పడుతుందే, దాంట్లో ఎన్ని మీటర్లు, ఎన్ని రీళ్ళు అని రాసి ఉండేది. హాల్లో అందరూ ఈలలు వేస్తుంటే మా ఇంటిల్లిపాదీ ఆ అంకె చదివేవాళ్ళం. ఎందుకంటే బాక్సులో డబ్బాలు అన్నే ఉండాలి.

1978 సంక్రాంతికి నాన్నకి జ్వరం. నాకు అప్పుడు పదిహేను దాటాయి. ల్యాబుకి నేనూ వెళ్ళాను. డబ్బాలు సరిచూసే పద్ధతి నాకు తెలుసు. మూత తీసి, రెండు మూరల ఫిల్మ్ విప్పి, దీపానికి ఎత్తి పట్టి, మొదట్లో ఉండే రీలు నంబరు చూసి, మళ్ళీ చుట్టి పెట్టాలి. ఆ రాత్రి నాలుగు బాక్సులు. టైము లేదు. మొదటి రెండూ పద్ధతిగా చూశాను. మిగిలిన రెంటికీ మూతల మీద రాసిన అంకెలు చూసి లెక్కపెట్టేశాను. రైలు అందింది. ఇంటికొచ్చి అమ్మకి గర్వంగా చెప్పాను, ఎక్కిందమ్మా అని.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి ట్రంక్ కాల్. తణుకు బాక్సులో రెండు తొమ్మిదో రీళ్ళున్నాయి, ఆరోది లేదు. కాసేపటికి భీమవరం నుంచి ఇంకోటి. అక్కడ రెండు ఆరులు, తొమ్మిది లేదు. ఎవరో డబ్బా మీద అంకె తలకిందులుగా చదివి మూత పెట్టేశారు. నేను ఆ మూతనే నమ్మాను.

నాన్న దుప్పటి కప్పుకుని ఆఫీసుకి వచ్చి ఫోన్ పట్టుకున్నాడు. రెండు ఊళ్ళ రిప్రజెంటేటివ్‌లు తలా ఒక డబ్బా పట్టుకుని బయల్దేరారు, అత్తిలి స్టేషన్‌లో కలిసి మార్చుకున్నారు. మార్నింగ్ షోలు పోయాయి. మ్యాటినీకి అందాయి. ఆ సాయంత్రం దాకా నాకు కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. నాన్న తిట్టలేదు. ఆఫీసులో తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు కూడా. రాత్రి పక్క మీద పడుకుని, "ఒరేయ్, మూత చూడకు, ఫిల్మ్ చూడు" అన్నాడు. అంతే.

హైదరాబాద్‌కి వెళ్ళిపోవడం ఒక్కరోజులో జరగలేదు. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలయ్యేటప్పటికి, అక్కడ షూటింగులు ఎలా జరుగుతాయిరా, ల్యాబు లేదు, రికార్డింగు లేదు అనేవారు మా వాళ్ళు. కొన్నేళ్ళు అది నిజమే. షూటింగు అక్కడ, పాటలు, ప్రింట్లు ఇక్కడ. తరవాత ఒక్కొక్కరే ఇళ్ళు అమ్ముకుని వెళ్ళారు. మా ఆఫీసుకి ఒక నిర్మాత సినిమా పోయి పెద్ద బాకీ ఎగవేశాడు. ఆయన్ని నాన్న ఎప్పుడూ తిట్టలేదు, బాక్సులు వెనక్కి వచ్చేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు అనేవాడు. కానీ ఆ దెబ్బతో ఆఫీసు మూతపడింది. ఆర్టిస్టు బాబాయి మౌంట్ రోడ్డు బ్యానర్లకి వెళ్ళాడు. గళ్ళు గీసుకుని నలభై అడుగుల మొహాలు వేశాడు కొన్నాళ్ళు, ఫ్లెక్సీలు వచ్చేదాకా. పోస్టరు మీద చిటికెన వేలంత కన్ను వేసిన మనిషి, నిచ్చెన మీద నిలబడి మనిషంత కన్ను వేయడం నేను చూశాను. కింద నుంచి చూస్తే ఆయన ఆ కంటిపాపలో నిలబడినట్టు ఉండేది.

ఇప్పుడు బాక్సులు లేవు. మా మేనల్లుడు ఈ చెన్నైలోనే డిజిటల్ సినిమా పని చేస్తాడు. బొమ్మ శాటిలైట్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో థియేటర్‌కి ముందే చేరిపోతుంది, కానీ తాళం వేసి ఉంటుంది. ఆ తాళానికి కీ పంపితేనే ఆట పడుతుంది. బాకీలు తేలకపోతే కీ రాదు. పెద్ద సినిమాల విడుదలకి ముందు రాత్రి వాడు ఇంటికి రాడు, వాళ్ళావిడ ఫోన్ చేసి "కీ వెళ్ళిందా?" అని అడుగుతుంది. నేను ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ గొంతే వినబడింది. అప్పటికి ఆవిడ పోయి నాలుగేళ్ళు.

నాన్న మాత్రం 83 ఏళ్ళు బతికాడు. విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట కట్టిన మాల్‌కి ఒకసారి తీసుకెళ్ళాను. ఎస్కలేటర్ మీద నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇక్కడ ఫలానా ఫ్లోరు ఉండేది, ఇక్కడ క్యాంటీన్ ఉండేది అని చూపిస్తూ వచ్చాడు. హాల్లో దీపాలు ఆరాయి. సర్టిఫికెట్ పడింది. ఆయనకి చూపు సరిగ్గా ఆనడం లేదు అప్పటికే.

"ఎన్ని రీళ్ళురా?" అని అడిగాడు.

తెర మీద రీళ్ళు లేవు. 150 నిమిషాలని ఉంది. నూట యాభైని తొంభైతో హెచ్చవేశాను, పదమూడు వేల అయిదు వందల అడుగులు.

"పద్నాలుగు, నాన్నా."

"చిన్నదే" అని సీట్లో వెనక్కి వాలాడు.